కుండమట్టిని ఎంత కాల్చినా జాడీ ఎందుకు అవ్వదు?

పోయిన ఏడాది ఆన్‌లైన్‌లో రెండు కాఫీ కప్పులు తెప్పించాను. పెట్టె మీద 'నేచురల్ స్టోన్‌వేర్' అని గొప్పగా రాసుంది. చేతికి బరువుగా, కాస్త గరుగ్గా, చూడ్డానికి బాగానే ఉన్నాయి. రెండో రోజు నుంచి టీపాయ్ మీద గుండ్రటి తడి మరకలు మొదలయ్యాయి. కాఫీ నేనే ఒలకబోస్తున్నానని ఇంట్లో తీర్మానించేశారు. కప్పుకి ఎక్కడా బీట లేదు. తీరా తిరగేసి చూస్తే, అడుగున మెరుపు పూత లేని అంచులోంచి చెమ్మ దిగుతోంది.

అదే ఇంట్లో అటక మీద మా అమ్మమ్మ జాడీ ఉంది. పైన గోధుమరంగు, కింద తెలుపు. ఎన్ని వేసవులు ఆవకాయ మోసిందో లెక్కలేదు. మూతికి వాసెన కట్టి పెడితే నెలల తరబడి ఉప్పు, నూనె, పులుపు దాని కడుపులోనే ఊరేవి. కింద పరిచిన పాత పేపరుకి మరక కూడా అంటేది కాదు. జాడీ స్టోన్‌వేరే, కప్పు మీద రాసిందీ స్టోన్‌వేరే. మరి ఒకటి కారి, ఇంకొకటి కారకపోవడం ఏమిటి?

మట్టిపాత్రల మీద మళ్ళీ మోజు పెరిగిన దగ్గర్నుంచి ఈ మాటలు కలగాపులగం అయిపోయాయి. అమ్మేవాళ్ళు ఒక అర్థంలో వాడతారు, కుండలు చేయడం నేర్పే స్టూడియోల్లో ఇంకో అర్థంలో వాడతారు, టైల్స్ కంపెనీల లెక్క వేరే. చిక్కుముడి విప్పాలంటే ముందు పేర్ల సంగతి తేల్చుకోవాలి.

## మట్టిది, పింగాణీది, మధ్యలో స్టోన్‌వేర్

మన వాడుకలో ఉన్నవి రెండే మాటలు. ఎర్రగా, పూత లేకుండా ఉంటే మట్టిది. పూత మెరుస్తుంటే పింగాణీ. ఆ లెక్కన జాడీ, టీ కప్పు, వాష్‌బేసిన్ అన్నీ పింగాణీయే. సిరామిక్ అనే మాట ఇంటిపేరు లాంటిది. మట్టిని మలిచి కాల్చినదేదైనా సిరామిక్కే, ఇటుకతో సహా. స్టోన్‌వేర్ అన్నారు కదా అని రాచ్చిప్పతో కలపకూడదు. రాచ్చిప్ప నిజంగా రాయిని తొలిచి చేసింది. స్టోన్‌వేర్ మాత్రం మట్టే, కాల్చాక రాయంత గట్టిపడుతుంది కాబట్టి ఆ పేరు.

యూరప్ లెక్కలో మూడు మెట్లు. సుమారు 1,100 డిగ్రీల సెల్సియస్ లోపు కాల్చి, నీళ్ళు పీల్చే గుణం మిగిలి ఉన్నది ఎర్త్‌వేర్: మన కుండ, కూజా, ఇంటి పెంకు. 1,200 నుంచి 1,300 మధ్య కాల్చగా గట్టిపడి, వేలితో కొడితే ఖంగుమనేది స్టోన్‌వేర్. దాదాపు అంతే వేడిలో గానీ ఇంకా ఎక్కువలో గానీ కాల్చి, తెల్లగా ఉండి, పల్చగా చేస్తే దీపం వెలుగు అవతలికి కనిపించేది పోర్సెలిన్. చైనావాళ్ళకి ఈ మూడు మెట్లు లేవు. వాళ్ళవి రెండే. నీళ్ళు పీల్చేది థావ్, గట్టిపడి మోగేది త్సి. మనం స్టోన్‌వేర్ అనేదీ పోర్సెలిన్ అనేదీ రెండూ వాళ్ళకి త్సి కిందకే వస్తాయి. మోటుపల్లి, కొత్తపట్నం లాంటి మన పాత రేవుల దగ్గర చైనా పెంకులు బయటపడ్డాయి. వాటిలోని సెలడాన్ అనే ఆకుపచ్చ పూత రకం ముక్కని పింగాణీ అనాలా స్టోన్‌వేర్ అనాలా అన్నది, రాసే పండితుడు ఎవరి బడిలో చదువుకున్నాడన్నదాన్ని బట్టి ఉంటుంది.

పాత్రకి పేరు పెట్టడానికి కొందరు కొలిమి వేడిని కొలబద్దగా తీసుకుంటారు, కొందరు కాల్చిన ముక్క ఎంత నీరు పీలుస్తుందో చూస్తారు. టైల్స్ పరిశ్రమకి రెండో పద్ధతే ప్రమాణం. బరువులో అరశాతం లోపు నీళ్ళు పీలిస్తే ఒక తరగతి, మూడు శాతం దాకా అయితే ఇంకొకటి, అలా పైకి. వంటింటి సామాను విషయంలో ఒకటి నుంచి మూడు శాతం లోపు ఉంటే స్టోన్‌వేర్ అనడానికి చాలామంది కుమ్మరులు ఒప్పుకుంటారు. నా ఓటు కూడా రెండో పద్ధతికే. వేడి అనేది కాల్చినవాడు చెప్పే మాట, నీటి లెక్క పాత్ర చెప్పే మాట. నా కప్పుల్ని నిజంగానే 1,200 డిగ్రీల్లో కాల్చి ఉండొచ్చు. కానీ ఆ మట్టికి ఆ వేడి చాలలేదు.

## రాయి మట్టి అయ్యేదాకా

గూడూరు వైపు అభ్రకం గనుల దగ్గర తిరిగినవాళ్ళకి రెండు తెల్లరాళ్ళు పరిచయమే. ఒకటి గాజులా మెరిసే పలుగురాయి, రెండోది పాలరంగులోనో లేత గులాబీలోనో ఉండి చదునుగా చీలే ఫెల్‌స్పార్. మట్టి కథంతా ఈ రెండో రాయి నుంచి మొదలవుతుంది. నేల అడుగున లక్షల ఏళ్ళపాటు కాస్త ఆమ్లగుణం ఉన్న నీళ్ళు ఫెల్‌స్పార్ మీద పనిచేస్తే, అందులోని పొటాష్, సోడా కరిగి కొట్టుకుపోతాయి. మిగిలిన సిలికా, అల్యూమినా నీటితో కలిసి సన్నటి పలకల్లాంటి రేణువులుగా మారతాయి. దాని పేరు కయోలిన్, మనవాళ్ళు చైనా క్లే అంటారు. స్వచ్ఛమైన కయోలిన్‌లో సిలికా సుమారు 46.5 శాతం, అల్యూమినా 39.5 శాతం, మిగిలిన 14 శాతం నీరు. అది పైకి కనిపించే తడి కాదు, రేణువులోనే ఇమిడిపోయిన నీరు.

పుట్టినచోటే ఉండిపోయిన మట్టి తెల్లగా, శుభ్రంగా ఉంటుంది కానీ జిగురు తక్కువ. సారె మీద పైకి లాగితే చిరుగుతుంది. వాగులు, నదులు దాన్ని ఎత్తుకుపోయి దారిలో అరగదీసి, ఇసుక, ఇనుము, కుళ్ళిన ఆకులు కలిపి, ఎక్కడో చెరువడుగునో సరస్సడుగునో పరిస్తే జిగురొస్తుంది. కుమ్మరికి నచ్చేది ఈ తిరిగొచ్చిన మట్టే. రేణువు ఎంత చిన్నదైతే, ఎంత పల్చటి పలక అయితే, మధ్యలో అంత నీరు నిలిచి ఒకదాని మీద ఒకటి అంత సులువుగా జారతాయి. మట్టికి జిగురంటే అదే.

ఈ ప్రయాణంలో ఏమేం కలిశాయన్నదే మట్టి జాతకం. ఇనుము ఎక్కువ కలిస్తే ఎర్రమట్టి. బొగ్గు పొరల కింద చిత్తడి నేలల్లో మొక్కల వేళ్ళు పొటాష్, సోడా లాగేసుకుంటే మిగిలేది ఎంత వేడికైనా లొంగని ఫైర్ క్లే. నల్లరేగడిది ఇంకో జాతి. దాని రేణువులు నీటికి ఉబ్బి, ఎండకి ముడుచుకుపోతాయి. వేసవిలో చేలో కాలు దిగబడేంత నెర్రెలు పడేది అందుకే. అలాంటి మట్టితోనే పాత్ర చేస్తే ఆరేలోపే నెర్రెలిస్తుంది.

## కొలిమిలో పల్లీపట్టీ పాకం

మట్టి కాలడం అంటే ఎండిపోవడం కాదు. నూరు డిగ్రీలు దాటేసరికి మిగిలిన తడి ఆవిరైపోతుంది. 450 నుంచి 600 మధ్య రేణువులో ఇమిడిన నీరు బయటికి పోతుంది. ఇక అది మట్టి కాదు. వానలో వదిలేసినా మళ్ళీ బురదవ్వదు. 573 డిగ్రీల దగ్గర పలుగురాయి రేణువులు ఒక్కసారిగా కాస్త పెరుగుతాయి, చల్లారేటప్పుడు అదే మెట్టు మీద తగ్గుతాయి. తొందరపడి చల్లారిస్తే పాత్ర చిట్లేది ఇక్కడే. మన కుమ్మరి ఆవం గడ్డి, పిడకలు, కట్టెలతో సాధారణంగా 700 నుంచి 900 డిగ్రీల దాకా వెళుతుంది. అప్పటికి రేణువులు అంచుల దగ్గర అతుక్కుని ఉంటాయి, మధ్యలో సందులు మాత్రం అలాగే ఉంటాయి. కుండలో నీళ్ళు చల్లబడేది ఆ సందుల పుణ్యమే. చెమ్మ బయటికొచ్చి ఆవిరైపోతూ వేడిని లాక్కెళ్తుంది. అది కుండకి లోపం కాదు, కుండ చేసే పనే అది.

సెగ వెయ్యి డిగ్రీలు దాటాక అసలు కథ. మట్టిలోని పొటాష్, సోడా, సున్నం, మెగ్నీషియా, ఇనుము సిలికాని కరిగించడం మొదలుపెడతాయి. ఇవి లేకపోతే సిలికా, అల్యూమినా ఆ వేడికి చలించవు. స్వచ్ఛమైన కయోలిన్ కరగాలంటే 1,750 డిగ్రీలు దాటాలి. కరిగించేవాటిని ఇక్కడ ద్రావకాలు అందాం. కరిగిన భాగం గాజులా మారి సందుల్లోకి పాకుతుంది. అదే సమయంలో మట్టి రేణువుల్లోంచి మ్యూలైట్ అనే సూదుల్లాంటి స్ఫటికాలు పుట్టి, ఒకదాంట్లో ఒకటి అల్లుకుంటాయి. చల్లారాక మిగిలేది గాజులో కూరుకున్న సూదులు, పలుగు రేణువులు.

పల్లీపట్టీ చేసినవాళ్ళకి ఇది ఇట్టే అర్థమవుతుంది. పల్లీలు మట్టి రేణువులు, బెల్లం పాకం గాజు. పాకం తక్కువైతే పట్టీ పొడిపొడిగా రాలిపోతుంది. ఎక్కువైతే పళ్ళెంలో నిలవకుండా కారిపోతుంది. సరిపడా ఉంటే కరకరలాడుతూ, సందు లేకుండా, విరిస్తే తప్ప విరగకుండా వస్తుంది. స్టోన్‌వేర్ మట్టి అంటే పల్లీ, పాకం పాళ్ళు కుదిరిన మట్టి. అంతకు మించి అందులో మర్మం లేదు.

కుండమట్టి పాళ్ళు చూడండి. మామూలు ఎర్రమట్టిలో ఒక్క ఇనుమే ఆరేడు శాతం ఉండొచ్చు. పొటాష్, మెగ్నీషియా, సున్నం కలిపితే ద్రావకాలు పది శాతం దాటతాయి. అల్యూమినా పదిహేను, పదహారు దగ్గరే ఆగిపోతుంది. అంటే పాకం ఎక్కువ, పల్లీలు తక్కువ. 1,100 దాకా చక్కగా గట్టిపడుతుంది. ఇంకో యాభై, వంద డిగ్రీలు పెంచితే ఉబ్బుతుంది, వంగుతుంది, చివరికి కొలిమి పలక మీద నల్లటి ముద్దగా కూలబడుతుంది. స్టోన్‌వేర్ మట్టిలో అల్యూమినా సాధారణంగా ఇరవై శాతానికి అటూఇటూ నుంచి ముప్పై లోపు, ఇనుము ఒకటి నుంచి మూడు, పొటాష్, సోడా కలిపి రెండు నుంచి నాలుగు శాతం వరకు ఉంటాయి. ఇక చైనా క్లేలో అన్నీ పల్లీలే. 1,250లో కాల్చినా తెల్లగా, సుద్దముక్కలా ఉండిపోతుంది.

శాతాలతో పాటు ఏ ద్రావకం అన్నదీ ముఖ్యమే. సున్నం చాలాసేపు ఊరుకుని హఠాత్తుగా కరిగిస్తుంది. పొటాష్ మెల్లగా, చిక్కగా కరిగిస్తుంది. చిక్కటి పాకం కాబట్టి పాత్ర రూపం నిలబడుతుంది. కొలిమిలో పైఅరకీ కింది అరకీ ముప్పై డిగ్రీల తేడా ఉండటం మామూలే. 1,220 నుంచి 1,280 దాకా దేనికైనా ఓర్చుకునే మట్టి అయితే రెండు అరల సరుకూ బతుకుతుంది. పది డిగ్రీలకే తలకిందులయ్యే మట్టితో కుమ్మరికి టెన్షన్ తప్పదు. డిగ్రీలొక్కటే చూసినా చాలదు, ఆ వేడిలో ఎంతసేపు ఉందన్నదీ లెక్కే. 1886లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త హెర్మన్ సీగర్ చేసిన శంకువులు ఇందుకే పుట్టాయి. మట్టితోనే చేసిన చిన్న కోన్ కొలిమిలో నిలబెడితే, వేడీ సమయమూ కలిసి తగినంత పనిచేసినప్పుడు తల వంచుతుంది. స్టూడియోల్లో 'కోన్ సిక్స్', 'కోన్ టెన్' అంటుంటారే, అవే. మొదటిది సుమారు 1,220, రెండోది 1,300కి కాస్త తక్కువ.

## తవ్వి తీసిందే సరిపోయే చోట్లు

తవ్వి, రాళ్ళు ఏరి, నానబెట్టి, తొక్కితే చాలు, ఏమీ కలపకుండా 1,200 పైన నిలబడి గట్టిపడే మట్టిని సహజ స్టోన్‌వేర్ మట్టి అంటారు. ప్రకృతే పాళ్ళు కలిపి పెట్టిన చోట్లు ప్రపంచంలో కొన్ని ఉన్నాయి. వాటి చుట్టూ ఊళ్ళకి ఊళ్ళు కుమ్మరి ఊళ్ళయ్యాయి.

జపాన్‌లో షిగరాకి అలాంటిది. బివా అనే పెద్ద సరస్సు లక్షల ఏళ్ళ క్రితం ఇప్పుడున్న చోట లేదు. ఆ పాత సరస్సు అడుగున పేరుకున్న మట్టే షిగరాకి మట్టి. అందులో ఇనుము తక్కువ, జిగురు ఎక్కువ, మధ్యమధ్యలో మిరియపు గింజంత ఫెల్‌స్పార్, పలుగు రేణువులు. పెద్ద జాడీలు కూలకుండా నిలబడటానికి ఆ ముతక రేణువులే ఆసరా. కాల్చినప్పుడు ఫెల్‌స్పార్ పలుకులు సగం కరిగి, పాత్ర ఒంటి మీద తెల్లటి పొక్కుల్లా బయటికి పొడుచుకొస్తాయి. మన కళ్ళకి అది లోపం. అక్కడి తేనీటి గురువులకి అదే అందం. జపాన్‌లో 'ఆరు పాత కొలుములు' అని పేరుపడ్డ ఊళ్ళలో షిగరాకి ఒకటి. 2017లో ఆ ఆరింటినీ కలిపి జపాన్ వారసత్వంగా గుర్తించారు.

అదే జాబితాలోని బిజెన్ మట్టి తీరు వేరు. అది వరిపొలాల అడుగు నుంచి తీసే మట్టి. ఇనుము ఎక్కువ, సన్నటి రేణువు, విపరీతంగా ముడుచుకుంటుంది, వేడి తొందరపడితే చిట్లుతుంది. పూత వేస్తే మట్టి ముడుచుకునే వేగానికి పూత నిలవదు. అందుకే బిజెన్‌లో పూతే లేదు. కట్టెల కొలిమిలో రోజుల తరబడి, తరచు పది రోజులు దాటి, మెల్లగా కాలుస్తారు. బూడిద ఎగిరి పడ్డచోట అదే పూత. ఇక్కడ నాకు నచ్చే సంగతి ఒకటుంది. బిజెన్ శైలి అని మనం మెచ్చుకునేదాంట్లో సగం ఆ మట్టి పెట్టిన షరతులే.

జర్మనీలో రైన్ నదికి తూర్పున వెస్టర్‌వాల్డ్ కొండలు. యూరప్‌లోని అతిపెద్ద మట్టి నిక్షేపాల్లో ఒకటి అక్కడుంది. ఆ ప్రాంతాన్ని స్థానికంగా 'కూజాలు కాల్చేవాళ్ళ సీమ' అనే అర్థం వచ్చే పేరుతో పిలుస్తారు. రైన్ తీరంలో 1300 ప్రాంతానికే నిజమైన స్టోన్‌వేర్ తయారైంది. ఆ తర్వాత అక్కడివాళ్ళు ఒక చిత్రమైన పని కనిపెట్టారు. కొలిమి మంచి సెగ మీదున్నప్పుడు లోపలికి దోసెళ్ళతో ఉప్పు విసిరేవారు. ఆ వేడికి ఉప్పు ఆవిరైపోయి, దాంట్లోని సోడియం మట్టి ఒంట్లోని సిలికాతో, అల్యూమినాతో కలిసి అక్కడికక్కడే గాజు పూత అవుతుంది. నారింజ తొక్కలా సన్నటి గుంటలుంటాయి దాని మీద. కుండమట్టి మీద ఇది సాధ్యం కాదు. ఉప్పు పని చేసే వేడికి కుండ ఉండదు.

తెలుగు నేల సంగతి? ద్వారకా తిరుమల చుట్టుపక్కల బాల్ క్లే, ఫైర్ క్లే తవ్వుతారు. బాల్ క్లే అంటే బాగా జిగురున్న, తెల్లగా కాలే మట్టి. ఫెల్‌స్పార్, పలుగురాయి నెల్లూరు జిల్లాలోనూ, తెలంగాణలోనూ గనుల నుంచి వస్తాయి. అంటే దినుసులన్నీ ఉన్నాయి, కాకపోతే ఎక్కువగా విడివిడిగా. వంటవాడు కలిపితేగానీ కూర కాదు.

## రెండు లెక్కలు

మట్టి గుణాలు చెప్పే కాగితం మీద ముఖ్యంగా రెండు అంకెలుంటాయి. ఒకటి ముడుచుకోవడం. తడిమట్టితో చిన్న పట్టీ చేసి, దాని మీద సరిగ్గా 10 సెంటీమీటర్ల గీత గీశారనుకుందాం. ఆరాక ఆ గీత 9.4 అయింది, కాల్చాక 8.8. మొత్తం ముడుచుకున్నది 12 శాతం. స్టోన్‌వేర్‌కి ఇది మామూలే. ఇప్పుడు 10 సెంటీమీటర్ల ఎత్తు గ్లాసు కావాలంటే 10ని 0.88తో భాగించాలి. సారె మీద దాదాపు 11.4 సెంటీమీటర్లు లాగాలన్నమాట. అసలు దెబ్బ పాత్రలో ఎంత పడుతుందన్న దగ్గర తెలుస్తుంది. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ ముడుచుకుంటాయి కాబట్టి 0.88ని మూడుసార్లు గుణిస్తే 0.68. పచ్చిగా ఉన్నప్పుడు 440 మిల్లీలీటర్లు పట్టే కప్పు, కొలిమిలోంచి వచ్చాక 300 మాత్రమే పడుతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్ళు మొదటి కప్పు చూసి 'ఇదేంటి, ఉగ్గుగిన్నెలా అయింది' అని నీరుగారేది ఇక్కడే.

రెండోది నీళ్ళు పీల్చడం. పూత లేని ముక్కని పొడిగా తూచి, కొన్ని గంటలు నీళ్ళలో ఉడికించి, పైతడి తుడిచి మళ్ళీ తూస్తారు. 150 గ్రాముల ముక్క 153 అయితే 2 శాతం. అదే బరువున్న కుండపెంకు 171 అయితే 14 శాతం. ఇప్పుడు నాలుగు కిలోల ఖాళీ జాడీ ఊహించుకోండి. 14 శాతం అయితే దాని గోడలు అరకిలో పైనే ద్రవాన్ని తాగగలవు. 2 శాతం అయితే 80 గ్రాములు, అదీ పూత అడ్డులేకపోతే. కుండలో ఉప్పుపచ్చడి పెడితే ఏమవుతుందో దీన్నిబట్టి తెలుస్తుంది. ఉప్పునీరు గోడలోకి ఇంకి, బయట ఆరిపోయి, తెల్లటి పొరలా పేరుకుంటుంది. ఆ స్ఫటికాలు సందుల్లో పెరుగుతూ లోపల్నుంచి నెట్టడంతో కుండ ఒళ్ళు పొరలు పొరలుగా రాలుతుంది.

ఈ రెండు అంకెలూ ఒకదాన్నొకటి లాగుతుంటాయి. సందులు పూడాలంటే ముడుచుకోక తప్పదు. ముడుచుకోవడం తక్కువ, పీల్చడం కూడా తక్కువ అని ఎవరైనా చెబితే ఒకసారి ఆలోచించాలి.

## జాడీ, మురుగు పైపు, పొయ్యి

గట్టిదనం, ఉప్పుకీ పులుపుకీ చలించకపోవడం, ద్రవం ఇంకకపోవడం. ఈ మూడు గుణాలు ఎక్కడ కావాలో అక్కడికల్లా స్టోన్‌వేర్ వెళ్ళింది. జర్మన్లు క్యాబేజీ ఊరబెట్టారు, మనం మామిడికాయ. లండన్‌లో జాన్ డ్వైట్ 1672లో స్టోన్‌వేర్ తయారీకి పేటెంటు తీసుకున్నాడు. 19వ శతాబ్దం మధ్యలో అదే ఊళ్ళో హెన్రీ డౌల్టన్ మురుగు పైపులు చేయడం మొదలుపెట్టాడు. మన దేశంలో రాణిగంజ్ బొగ్గు సీమలోని ఫైర్ క్లేతో బర్న్ కంపెనీ అలాంటి పైపులే చేసింది. పీవీసీ రాకముందు కట్టిన ఇళ్ళలో పెరడు తవ్వితే బయటపడే ముదురు గోధుమరంగు, మెరిసే గొట్టాలు అవే. మేస్త్రీలు ఎస్‌డబ్ల్యూ పైపులు అంటారు. ఎస్‌డబ్ల్యూ అంటే స్టోన్‌వేరే. ఆవకాయ జాడీకీ మురుగు గొట్టానికీ చుట్టరికం ఉందంటే మా అమ్మమ్మ ఒప్పుకునేది కాదు, అది వేరే విషయం.

పొయ్యి దగ్గర మాత్రం లెక్క తిరగబడుతుంది. మామూలు మట్టి అటిక మంట మీద చేపల పులుసు ఉడికిస్తుంది. దానికంటే గట్టిదైన జాడీని మంట మీద పెడితే టప్పున పగులుతుంది. అడుగు వేడెక్కి సాగుతుంది, పైభాగం ఇంకా చల్లగానే ఉంటుంది, ఆ లాగుడుకి బీట పుడుతుంది. అటికలో ఆ బీట రెండడుగులు వేసేసరికి ఒక సందులోనో ముతక ఇసుక రేణువు దగ్గరో ఆగిపోతుంది. స్టోన్‌వేర్‌లో గాజు అంతా ఒకటే కాబట్టి ఆపేవాడు లేడు. ఓవెన్‌లో మెల్లగా వేడెక్కితే తట్టుకునేవి ఉన్నాయి. మంట సంగతి వేరు. లిథియం ఖనిజాలు కలిపి మంటకి ఓర్చే మట్టిని ప్రత్యేకంగా చేస్తారు, అది సహజ మట్టి కాదు.

ఊరబెట్టడానికి పూర్తిగా బిగుసుకున్న పాత్రే మేలా అంటే, అక్కడా రెండు మాటలున్నాయి. కొరియాలో కిమ్చీ ఊరబెట్టే ఒంగీ జాడీలు పూర్తిగా గట్టిపడవు. గోడల్లో సన్నటి సందులుంటాయి. 2023లో అమెరికాలోని జార్జియా టెక్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఆ సందుల్లోంచి కార్బన్ డయాక్సైడ్ బయటికి పోతుందనీ, అది కిమ్చీలోని మేలుచేసే సూక్ష్మజీవులు పెరగడానికి అనుకూలమనీ చూపించారు. దాన్ని పట్టుకుని 'జాడీ ఊపిరి పీల్చాలి' అని ఆవకాయకి కూడా చెప్పేస్తున్నారు కొందరు. కిమ్చీ పొంగే పచ్చడి. ఆవకాయ నూనె మూత కింద, ఉప్పు కాపలాలో నిలవుండే పచ్చడి. మనకి కావలసింది గాలి తగలకపోవడమే. కొరియా జాడీ కొరియా పచ్చడికి సరైనది, అంతే.

## సహజం అంటే మంచిదనా?

ఇప్పుడు పెట్టె మీది మొదటి మాట. స్టూడియోల్లో వాడే మట్టిలో చాలావరకు తవ్వింది తవ్వినట్టుగా వాడేది కాదు. బాల్ క్లే, ఫైర్ క్లే, చైనా క్లే, ఫెల్‌స్పార్, పలుగుపొడి లెక్కప్రకారం కలిపింది. 1971లో పుదుచ్చేరిలో రే మీకర్, డెబొరా స్మిత్ అనే కుమ్మరులు గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీ అనే స్టూడియో పెట్టిన దగ్గర్నుంచి దక్షిణాదిలో స్టూడియో స్టోన్‌వేర్‌కి ఒక బడి ఏర్పడింది. అక్కడ నేర్చుకున్నవాళ్ళు దేశమంతా ఉన్నారు. ఆ దారిలో నడిచే కుమ్మరి ముందు దినుసుల్ని పరీక్షించి, పాళ్ళు రాసుకుంటాడు. ఫైర్ క్లే మరీ మొండిగా ఉండి 6 శాతం నీళ్ళు పీలుస్తోందనుకోండి, వంద పాళ్ళకి పది పాళ్ళు ఫెల్‌స్పార్ కలిపి మళ్ళీ కాలుస్తాడు. 2కి దిగొచ్చు. దిగకపోతే ఇంకాస్త. మట్టి మారినా పాత్ర మారకుండా చూసుకోవచ్చన్నది వాళ్ళ వాదన. హోటల్‌కి ఐదు వందల ప్లేట్లు చేసేవాళ్ళకి ఇది కాదనలేని వాదన.

తవ్విన మట్టినే వాడాలనేవాళ్ళ మాటలోనూ బలం ఉంది. మరపట్టి పొడిచేసి, జల్లెడపట్టి కలిపిన మట్టి ఒకే తీరుగా ఉంటుంది, కాల్చాక ముఖం కూడా అంతే చప్పగా ఉంటుందంటారు. సహజ మట్టిలో చిన్నా పెద్దా రేణువులన్నీ కలగలిసి ఉండటం వల్ల పెద్ద పాత్ర నిలబడుతుంది, ఇనుప రేణువులు కరిగి చుక్కలు చుక్కలుగా పైకొస్తాయి. కొలిమిలో గాలి తగ్గించి పొగపట్టేలా కాలిస్తే, అదే ఇనుము ఎర్రదనం వదిలి బూడిదరంగుకి తిరుగుతుంది, ద్రావకంలా కూడా పనిచేస్తుంది. ఒక్క మట్టిలోంచి రెండు ముఖాలు. గనిలో పది అడుగులు పక్కకి జరిగితే ఇదంతా మారిపోవచ్చన్నది మాత్రం వాళ్ళూ ఒప్పుకుంటారు. సున్నపురాయి గులకలు కలిసొస్తే అది ఇంకో తలనొప్పి. కాల్చినప్పుడు సున్నం అవుతాయి, తర్వాత గాలిలో చెమ్మ పీల్చి ఉబ్బి, పాత్ర ఒంట్లోంచి చిన్న పెళ్ళ ఊడగొడతాయి. అమ్మిన నెల తర్వాత ఊడితే చెప్పుకోవడానికి ఏముంటుంది?

పెట్టె మీది 'నేచురల్' ఆరోగ్యం గురించి కూడా ఏమీ చెప్పదు. సీసం భయం మట్టి నుంచి కాదు, పూత నుంచి. 1,200 దాటే కొలిమిలో ఫెల్‌స్పార్, బూడిద లాంటివే పూతని కరిగిస్తాయి కాబట్టి సీసం అవసరం ఉండదు, పైగా ఆ వేడికి అది ఆవిరవుతుంది. తక్కువ వేడిలో కరిగే మెరుపు పూతలు, పాత్ర కాల్చాక పైన అద్ది మళ్ళీ కొద్దిగా కాల్చే ఎర్ర, పసుపు పువ్వుల రంగులు, వీటి దగ్గరే అనుమానించాల్సింది. సహజ మట్టితో చేసిన పాత్ర మీద కూడా అలాంటి పూత ఉండొచ్చు. కలిపిన మట్టి పాత్ర మీద లేకపోనూవచ్చు.

చిన్నప్పుడు పగిలిన కొత్తకుండ పెంకు నాలుక మీద పెట్టుకుంటే అంటుకుపోయేది, గుర్తుందా? సందులు నాలుక మీది తడిని లాగేసుకోవడం వల్ల అది. మొన్న ఎవరూ చూడకుండా నా కప్పు తిరగేసి, పూత లేని అడుగు అంచుకి నాలుక ఆనించాను. అంటుకుంది. తర్వాత అటక మీది నుంచి జాడీ దించి, దుమ్ము తుడిచి, దాని అడుక్కీ అదే పని చేశాను. గాజు గ్లాసుని తాకినట్టు చల్లగా తగిలింది, జారిపోయింది. కప్పుల్లో ఇప్పుడు పెన్నులు పెట్టుకున్నాను.